ట్రంకు పెట్టెలో తపాలా బిళ్ళలు



ఈ రోజు తపాలా బిళ్ళలు పోగుచేయడం గురించి మాట్లాడుకుందాం. "అది పిల్లల ఆట కదా, మాకెందుకు?" అంటారేమో. వినండి.

మన రాజోలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైటు, మస్కటు, దుబాయి వెళ్ళారు. ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపారు. ఇప్పుడంటే ఫోనులో మొహం చూసుకుంటున్నాం. అప్పట్లో ఉత్తరమే దిక్కు. ఆ కవర్లు చాలా ఇళ్ళల్లో ట్రంకు పెట్టె అడుగున ఇంకా ఉన్నాయి. వాటిని అప్పుడు ఎవరో చదివి వినిపించారు. ఏం చదివారో, ఏం వదిలేశారో మనకు తెలీదు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఆ పెట్టె తీయండి. ముందు కవరు పైన చూడండి.

కువైటు బిళ్ళ మీద అరబ్బీ రాత ఉంటుంది. అది కుడి నుంచి ఎడమకు సాగుతుంది. పక్కనే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆ అంకెలు మీకు వచ్చినవే. అది బిళ్ళ ఖరీదు. ఫిల్సు అంటే వాళ్ళ పైసలు. వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు.

బిళ్ళ మీద నల్లగా గుండ్రని ముద్ర ఉంటుంది. అందులో ఊరు, తేదీ, నెల, సంవత్సరం ఉంటాయి. కవరు తిప్పండి. చాలా కవర్ల వెనక మన పోస్టాఫీసు ముద్ర కూడా కనిపిస్తుంది. ఈ తేదీలోంచి ఆ తేదీ తీసేయండి. ఉత్తరం ఎన్ని రోజులు ప్రయాణం చేసిందో తెలుస్తుంది. లెక్కల పాఠం కూడా అయిపోతుంది!

కువైటు కవర్లను తేదీల వరసలో పేర్చి చూడండి. 1990 ఆగస్టు దగ్గర ఖాళీ వస్తుంది. ఆ నెల 2వ తేదీన ఇరాక్ సైన్యం కువైటును ఆక్రమించింది. ఉత్తరాలు ఆగిపోయాయి. కువైటులో ఉన్న మనవాళ్ళు ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అక్కడి అమ్మాన్ నుంచి మన విమానాలు లక్షన్నర మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. 1991 ఫిబ్రవరిలో కువైటు విడుదలైంది. ఆ సంగతి మీద ఆ దేశం బిళ్ళలు కూడా వేసింది. ఆ నెలల్లో ఇక్కడ తల్లులు ఎలా ఎదురుచూశారో పుస్తకాల్లో పెద్దగా ఉండదు. ఆ కవర్ల మధ్య ఖాళీలో ఉంది.

ఇక మన దేశం బిళ్ళలు. స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చింది. దాని మీద మన జెండా ఉంది. 1952లో మీరాబాయి బొమ్మ వేశారు. 1982లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ బిళ్ళ వచ్చింది. ఆవిడ మన గోదావరి ఆడపడుచే. 1909లో రాజమండ్రిలో పుట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకు తక్కువ కాలంలో చెప్పి, పరీక్షలకు పంపించారు. 2011లో మన సినిమా సావిత్రి బిళ్ళ కూడా వచ్చిందండోయ్. నాకైతే దుర్గాబాయి గారి బిళ్ళే ముందు కావాలి.

బిళ్ళను గోటితో పీకకండి, చిరుగుతుంది. చుట్టూ కాగితం ఉంచి కత్తిరించండి. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి పావుగంట నానబెట్టండి. దానంతట అదే జారుతుంది. రంగు కవరు ముక్కలను విడిగా నానబెట్టండి, రంగు అంటుకుంటుంది. తడి బిళ్ళను నీడలో ఆరబెట్టి, పుస్తకం మధ్య పెట్టండి. జిగురుతో అంటించవద్దు. మన వానాకాలం చెమ్మ సంగతి తెలుసు కదా. కాబట్టి పుస్తకాన్ని గోడకు ఆనించి పెట్టకండి.

అన్ని కవర్లనూ కత్తిరించకూడదు. ఇది ముఖ్యం. అప్పు గొడవ, పొలం తగాదా, నోటీసు, జీతం ఇవ్వని సంగతి, వీటికి సంబంధించిన కవరు జోలికి పోవద్దు. ఉత్తరం ఏ రోజు వేశారో చెప్పే సాక్ష్యం ఆ ముద్రే. 1990, 91 నాటి కువైటు కవర్లనూ అలాగే దాచండి. బిళ్ళ ఊడదీస్తే ముద్ర సగమవుతుంది.

"మీ పాత బిళ్ళకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోను వస్తే పెట్టేయండి. అది మోసం. మామూలు బిళ్ళలు కోట్లలో అచ్చవుతాయి. వాటికి లక్షలు ఎవరిస్తారు?

డబ్బు వచ్చే దారి ఒకటి మాత్రం నిజంగా ఉంది. తపాలా శాఖ 2017లో స్పర్శ్ అనే పథకం పెట్టింది. 6 నుంచి 9వ తరగతి వరకు చదివే పిల్లలు బిళ్ళలు పోగుచేస్తుంటే, పోటీలో గెలిచినవారికి ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనం. బడిలో బిళ్ళల క్లబ్బు ఉండాలి, లేదా పిల్లల పేరున పోస్టాఫీసులో 200 రూపాయలతో బిళ్ళల ఖాతా తెరవాలి. మార్కులు నూటికి 60 రావాలి. షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు 5 మార్కుల సడలింపు ఉంది. అమలాపురం పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు అడగండి. కాగితం ఇస్తే అక్కడే కూర్చుని మీరే నింపండి.

వచ్చే వారం తలా ఒక కవరు పట్టుకురండి. తేదీలు కలిసి చదువుదాం. లోపలి ఉత్తరం మాత్రం ఇంట్లోనే ఉంచి రండి. అది మీది.