ఆయన కోసం మేమేం మారాలి?

బెంగళూరులో ఆదివారం పొద్దున్నే సైకిళ్ళు తొక్కే మా చిన్న బృందం తరఫున మాట్లాడుతున్నాం. మాలో చాలామందిమి రెండు మూడు తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వాళ్ళం. మాతోపాటు తొక్కే ఒక అన్నగారికి 68 ఏళ్ళు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు డిమెన్షియా తొలిదశలో ఉందని డాక్టర్లు చెప్పారు. ఆయన ఒప్పుకున్నాకే ఈ సంగతులు మీకు చెబుతున్నాం.

ఇలాంటి మాట వినగానే ఎవరి నోటైనా ముందు వచ్చేది ఒకటే: "ఇక సైకిలు మాన్పించండి." ప్రేమకొద్దీ అనే మాటే అది. కానీ అందులో ఆయన్ని అడగడం లేదు. అందుకే మేము ప్రశ్నను తిరగేసుకున్నాం. ఆయన క్షేమంగా మాతో రావాలంటే మేమేం మారాలి?

ఇది ఒక్క ఇంటి విషయం కాదు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. మన వీధిలో ఉన్నారు, మన సంఘంలో ఉన్నారు. చాలామంది సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోతున్నారు.

తొలిదశ అంటే అంతా పోయినట్టు కాదు. నిన్న ఎవరు ఏమన్నారో గుర్తుండకపోవచ్చు. కాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటైన తొక్కుడు మాత్రం అంత త్వరగా పోదు. కష్టమంతా నిర్ణయాల దగ్గర వస్తుంది: ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఈ సందులోకి తిరగాలా ముందుకెళ్ళాలా, సిగ్నలు చూస్తూ బ్రేకు ఎప్పుడు పట్టాలి. కాబట్టి ఆ నిర్ణయాల బరువు తగ్గించడమే మా పని అనుకున్నాం.

కొత్త కొత్త దారులు మానేశాం. ప్రతివారం ఒకటే దారి, ఒకటే టైము. ఆదివారం మోటారు బండ్లు రానివ్వని కబ్బన్ పార్కు లోపలి రోడ్లే మాకు ముఖ్యం. అక్కడికి చేరే దారిలోనూ పెద్ద కూడళ్ళు తప్పించాం. తప్పనిచోట దిగి, సైకిళ్ళు నడిపించుకుంటూ అందరం కలిసి దాటతాం. ఆయన ఒక్కరినే దింపితే అది అవమానం. అందరం దిగితే అది పద్ధతి.

ఆయన వరుస మధ్యలో ఉంటారు. వెనక కాస్త కుడివైపుగా, బండ్లు వచ్చే పక్కన, మాలో ఒకరుంటారు. ఆ రోజు ఆయనకు చెప్పేది ఆ ఒక్కరే. నలుగురూ ఒకేసారి "ఎడమకి, ఆగండి, చూసుకోండి" అని అరిస్తే ఎవరికైనా కంగారే. ఒకసారికి ఒకే మాట, అదీ తెలుగులో. కన్నడం, ఇంగ్లీషు ఆయనకు బాగా వచ్చు. అయినా తొందరలో ఆయన చెవికి ముందు అందేది ఇంటి భాషే.

భాష గురించి ఇంకో మాట. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారితో పోలిస్తే రెండు భాషలు వచ్చినవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించాయి. రెండు మూడు భాషల మధ్య బతికే మనకు ఇది మంచి మాటే. ఆలస్యమవుతుందే గాని రాకుండా పోదు, అదీ గుర్తుంచుకోవాలి.

టిఫిను దగ్గర "నేనెవరో గుర్తుపట్టారా?" అని ఆయన్ని పరీక్షించం. మా పేరు మేమే చెప్పుకుంటాం. ఆయన జేబులో ఇంటి ఫోను నంబరు రాసిన కార్డు ఉంటుంది. ఆయన ఒప్పుకున్నారు గనుక తొక్కేంతసేపూ ఆయన ఎక్కడున్నారో వదినగారి ఫోనులో కనిపిస్తుంది. ఆ రెండు గంటలు వదినగారివి కూడా. వారమంతా కనిపెట్టుకుని ఉండే మనిషికి ఊపిరి పీల్చుకునే సమయం కావాలి కదా.

ఎప్పుడు ఆపాలన్నది కూడా ముందే ఆయనతో కూర్చుని మాట్లాడుకున్నాం. అడ్డంగా వెళ్ళడం, సిగ్నలు అర్థం కాకపోవడం, తొక్కుతూ భయపడడం కనిపిస్తే రోడ్డు మీద తొక్కడం ఆపాలి. అప్పుడు ఇద్దరు తొక్కే సైకిలు మీద వెనక సీటు ఆయనది. అదీ కుదరకపోతే టిఫిను బల్ల దగ్గర కుర్చీ ఆయనది. ఇదంతా విని ఆయన అన్నారు: "తప్పిపోతే వెతకండి. తప్పిపోతానని ముందే కట్టేయకండి."

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా తన చికిత్స ఎలా ఉండాలో ముందుగా రాసిపెట్టుకునే హక్కు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు ఇస్తోంది. జాలి కంటే ముందు ఆ మనిషి మాట వినాలి.

మీ ఇంట్లో ఎవరికైనా మరపు ఎక్కువవుతుంటే "వయసు" అని వదిలేయకండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వల్ల కూడా అలా జరగవచ్చు, వాటికి వైద్యం ఉంది. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వృద్ధుల కోసం 14567 ఉచిత సహాయ నంబరు ఉంది.

ఇక మీ బృందం ఏదైనా కావచ్చు: సైకిళ్ళు, పాటల జట్టు, సాయంత్రం నడక. ఈ మధ్య రావడం మానేసిన పెద్దవాళ్ళు అందులో ఎవరో ఒకరుంటారు. ఈ వారం వాళ్ళింటికి వెళ్ళి, ఎలా వస్తే వాళ్ళకు వీలవుతుందో అడగండి.