మిగిలిన కంటికి కాపలా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మన కొత్తపేటలో గేట్లు, గ్రిల్స్ చేసుకొనే ఇనుప పనివాణ్ణి. నాకు చూపున్నది ఎడమ కంటికే అని మీలో చాలామందికి తెలుసు. పదిహేడో ఏట, ఉలి మీద సుత్తి వేస్తుండగా ఎగిరిన ముక్క కుడికన్ను తీసుకుపోయింది. అప్పుడు నా ముఖాన అద్దాలు లేవు. మిగిలిన కంటిని ఎలా కాపాడుకుంటున్నావో చెప్పమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు.

మొదట గాజు అద్దాలు పెట్టాను. గాజు మీద గీతలు తొందరగా పడవు గాని, పగిలితే ఆ పెంకే కంట్లో దిగుతుంది. తరువాత మామూలు ప్లాస్టిక్ అద్దాలు వాడాను. తేలికే, దెబ్బ గట్టిదైతే ఇవీ పగులుతాయి. ఆ పైన పాలికార్బొనేట్ వేయించాను. 1953లో జర్మనీలోనూ, అమెరికాలోనూ విడివిడిగా తయారుచేసిన పదార్థమిది. దెబ్బకు పగలకుండా ఓర్చుకుంటుంది. అయితే నా అద్దాల పవరు ఎక్కువ. అంచులోంచి చూస్తే కొలత టేపు అంకెల చుట్టూ రంగు చారలు కనపడేవి.

అద్దం వెలుగును రంగులుగా చీల్చడాన్ని ‘ఆబే’ అంకెతో కొలుస్తారట. అంకె పెద్దదైతే చూపు శుభ్రం. మామూలు ప్లాస్టిక్‌కు 58, పాలికార్బొనేట్‌కు 30.

పోయిన ఏడాది ట్రైవెక్స్ వేయించి చూశాను. 2001లో అమెరికాలోని పి.పి.జి. కంపెనీ దీన్ని కళ్ళద్దాలకు తెచ్చింది. దెబ్బకు ఇదీ ఓర్చుతుంది. ఆబే అంకె 43 పైనే. ఘన సెంటీమీటరు గాజు 2.5 గ్రాములుంటే, పాలికార్బొనేట్ 1.20, ఇది 1.11. నాకు ముక్కు మీద బరువు తగ్గింది, రంగు చారలు దాదాపు పోయాయి. లోపమూ చెప్పాలి: అంచు కాస్త మందం, ఖరీదూ ఎక్కువ. పవరు తక్కువున్నవారికి పాలికార్బొనేట్ చాలు.

కొన్ని జాగ్రత్తలు. ఈ రెండింటికీ గీతలు పడకుండా పూత ఉండాలి. పొడిగా ఉన్నప్పుడు లుంగీ కొంగుతో తుడవకండి. ముందు నీళ్ళతో కడగండి. పాలికార్బొనేట్‌కు అసిటోన్, థిన్నర్ తగలనీయకండి. అన్నిటికంటె ముఖ్యం, మామూలు ఫ్రేముకు పక్కలు ఖాళీ. గ్రైండింగ్ దగ్గర పక్కలు మూసిన గాగుల్స్, వెల్డింగ్ దగ్గర నల్ల అద్దం షీల్డు ఉండవలసిందే. ఏ కళ్ళద్దమూ వాటికి బదులు కాదు.

నా దగ్గర పని నేర్చుకొనే కుర్రాడు, “చెమట పట్టేస్తోంది చాచా” అని గాగుల్స్ తీసి పక్కన పెట్టేవాడు. నేను కోప్పడలేదు. దగ్గరకు పిలిచి, నా కుడికన్ను చూడమన్నాను. ఆ రోజు నుంచి తియ్యలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. మన పిల్లల్ని వర్క్‌షాపుకు పంపేటప్పుడు క్యారేజీతోపాటు గాగుల్స్ కూడా చేతికివ్వమని తల్లులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.