సముద్రవివాదములు – చరిత్రకారుని సాక్ష్యము



చరిత్రపరిశోధకులగు మీ యెదుట నేను సముద్రపు సరిహద్దుల వివాదములను ప్రస్తావింప బూనుట, అది రాజనీతిజ్ఞులకును నౌకాసేనానులకును విడువదగిన విషయమని తలచువారికి వింతగా తోపవచ్చును. కాని యీ వివాదములలో యుద్ధనౌకలకంటె ముందుగా బయలుదేరునవి మన గ్రంథాలయములందలి ప్రాచీనపటములును, నావికుల వ్రాతలును, శాసనములును నగుటచే, ఇది మనకు పరాయివిషయము కాదని నా దృఢవిశ్వాసము.

దక్షిణ చైనా సముద్రమును చూడుడు. 1947లో నాటి చైనా రిపబ్లిక్ ప్రభుత్వము ప్రకటించిన పటమున, పదునొకండు గీతలు ఆ సముద్రములో నధికభాగమును చుట్టివచ్చినవి. తరువాతి కమ్యూనిస్టు ప్రభుత్వము టోంకిన్ సింధుశాఖలోని రెండు గీతలను తొలగించెను; మిగిలిన తొమ్మిదిగీతల పటము 2009లో ఐక్యరాజ్యసమితికి పంపిన లేఖకు జతచేయబడెను. ఆ గీత లే యక్షాంశరేఖాంశములయొద్ద మొదలై యెచ్చట ముగియునో పటము చెప్పదు. అయినను వాని లోపలి పగడపుదిబ్బలకై 1988లో, జాన్సన్ దిబ్బయొద్ద, 64 మంది వియత్నాం నావికులు ప్రాణములు కోల్పోయిరి.

ఫిలిప్పీన్సు 2013లో తెచ్చిన వ్యాజ్యముపై, 1982 నాటి సముద్రన్యాయ ఒడంబడిక ననుసరించి యేర్పడిన మధ్యవర్తిత్వ న్యాయస్థానము, 2016 జులై 12న తీర్పు వెలువరించెను. ద్వీపములు ఎవ్వరివన్న ప్రశ్న జోలికి అది పోలేదు. పోటువేళ మునిగిపోవు దిబ్బపై ఎంత కట్టడము లేపినను దానికి ప్రాదేశికజలములు పుట్టవని మాత్రము స్పష్టముగా చెప్పెను. కాని చరిత్రకారులము మనము పలుమారులు చదువదగిన భాగము వేరొకటి కలదు. పూర్వము చైనా నావికులు ఆ జలములందు సంచరించిరనుటను, చేపలు పట్టిరనుటను న్యాయనిర్ణేతలు కాదనలేదు. తీరజలములకు వెలుపలి సముద్రము నాడు సకలజాతులకును తెరువబడి యుండెను గావున, అచ్చట నోడ నడుపుట అందరికిని గల స్వేచ్ఛ ననుభవించుటయే గాని, తక్కినవారిని తొలగించి యేలుట కాదని వారి నిర్ణయము. తిరిగినచోటెల్ల తనదగునను వాదమునకు ఇంతకంటె నిర్మలమైన సమాధానమును నేనెరుగను. అంతేకాక, స్కార్బరో దిబ్బ చుట్టును తరతరములుగా చేపలు పట్టుకొను హక్కు, ఆ దిబ్బ యెవ్వరిదైనను సరే, ఫిలిప్పీన్సు జాలరులకు కలదనియు, అట్టి హక్కు చైనా జాలరులకును కలదనియు అంగీకరించుట నా హృదయమునకు మిక్కిలి నచ్చిన ధర్మము. వ్యాజ్యమునందు పాల్గొనని చైనా తీర్పును తిరస్కరించెను. ఫిలిప్పీన్సు జాలరులపై నేటికిని నీటిఫిరంగులు ప్రయోగింపబడుచున్నవి.

బంగాళాఖాతమున జరిగినది వేరు. 1970 తుపాను తరువాత హరియాభంగా నది ముఖద్వారమున బయటపడిన చిన్నదీవిని భారత, బంగ్లాదేశములు రెండును తమదిగా వాదించినవి. ఆ దీవి క్రమముగా నీట మునిగినది. ఉభయదేశముల సముద్రపు సరిహద్దు వ్యాజ్యమున, వివాదగ్రస్తమైన 25,602 చదరపు కిలోమీటర్ల జలభాగములో 19,467 బంగ్లాదేశమునకు చెందునని 2014 జులై 7న తీర్పు వెలువడగా, బలములో మిన్నయైన మన దేశము దానిని తలదాల్చెను. విశాఖపట్టణమున తూర్పు నౌకాదళపు ప్రధానస్థానము కల మన తీరవాసులు ఈ విషయమును గర్వముతో స్మరింపవలెను.

ఇక మన యింటి సంగతి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన యభయశాసనమును మీరెల్లరు నెరుగుదురు. గాలివానకు ఒడ్డునబడిన యోడల సరుకును పూర్వరాజులు బలాత్కారముగా కొనుచుండగా, తాను న్యాయమైన సుంకము దప్ప మరేమియు గైకొననని ఆ ప్రభువు పరదేశవర్తకులకు మాట యిచ్చెను. ఈ శాసనమును చూపి తూర్పుసముద్రము తెలుగువారి యేలుబడిలో నుండెనని వ్రాయుట సులభము, ఉత్సాహకరము కూడ. అట్లు వ్రాయరాదని నా మనవి. అందున్నది రేవు, సుంకము, నావికుని ప్రాణమును ధనమును. జలములపై స్వామ్య మందు లేదు. చైనా పండితుల గీతలను మనము ప్రశ్నింపదలచినచో, మన శాసనములనుగూడ అదే త్రాసున తూచవలయును.

కావున ఈ సదస్సున చదువబడు తీరశాసనముల పత్రముల నన్నిటిని సంపూర్ణ మూలపాఠములతో ప్రకటింపవలెననియు, ఆయా శాసనము దేనిని రుజువు చేయుచున్నదో దానితోపాటు దేనిని రుజువు చేయజాలదో కూడ ప్రతి రచయితయు వ్రాయవలెననియు కార్యవర్గమును కోరుచు, మొదటి పత్రసమర్పకుని వేదికపైకి ఆహ్వానించుచున్నాను.