మొదటి రెండు మూడు రోజులు

బీడీ, సిగరెట్ మానేసినవారికి మొదటి రెండు మూడు రోజులే గడ్డుకాలం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి... ఇవన్నీ నికోటిన్ అందక వచ్చేవే, కొత్త జబ్బులు కావు. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. కాల్చాలన్న కోరిక ఎంత గట్టిగా ముంచుకొచ్చినా, మామూలుగా ఐదు పది నిమిషాలకు మించి నిలవదు. ఆ కాసేపూ ఓర్చుకోవాలి. టీకొట్టు దగ్గర గ్లాసు ఒక చేతిలోకి రాగానే రెండో చెయ్యి జేబులో అగ్గిపెట్టె కోసం తడుముతుంది చూశారా, అక్కడే జాగ్రత్త! కొన్నాళ్లు టీ ఇంట్లోనే తాగండి. నోట్లో కాస్త సోంపు వేసుకుని నాలుగడుగులు నడవండి. ఖైనీకి, గుట్కాకు మాత్రం మారకండి, వాటిలోనూ ఉన్నది నికోటినే. తోడు కావాలంటే, పొగాకు మానేవారికి సాయం చేసే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.