జీర్ణోద్ధారణము: పురాతనగృహ సంరక్షణమును గూర్చిన స్థానికప్రభుత్వ నియమములు

(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



పురాతనములైన గృహములను గుర్తించి కాపాడుటకై స్థానికప్రభుత్వములు చేయు నియమములను గూర్చి ముచ్చటింపుమని నన్ను గార్యదర్శిగా రాజ్ఞాపించిరి. ఇది న్యాయవాదులు చర్చింపదగిన విషయము గాని కులసభకు దీనితో బనియేమి యని కొందరికి దోపవచ్చును. రేపటి కార్యక్రమపత్రమున నాలుగవ తీర్మానమును జదివినవారి కా సందేహ ముండదు. పాతబస్తీలోని మన సత్రమును బడగొట్టి, యా స్థలమున నంగళ్లసముదాయమును గట్టించి, వచ్చు నద్దెలతో బేదవిద్యార్థులకు వేతనము లిచ్చుట యా తీర్మానముయొక్క సారము. ఉద్దేశము శ్లాఘ్యమైనది. దానిని ప్రతిపాదించిన పెద్దల సద్బుద్ధిని శంకించువాడను గాను. నలువదియేండ్లు బడిలో బిల్లలకు జదువు చెప్పినవాడ నగుటచే, రుసుము చెల్లింపలేక చదువు మానిన బాలుర నెందరినో యెరుగుదును. ఐనను చేయి యెత్తుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు. వానినే మనవిచేయుదును.

జీర్ణోద్ధారణ మనుమాట మనకు గ్రొత్తది గాదు. మయమతమను వాస్తుగ్రంథమున శిథిలమైన కట్టడములను బాగుచేయు విధానమునకు బ్రత్యేకముగా నొక యధ్యాయమే కలదు. దేవాలయములకు భూదానము చేసిన రాజులు తమ శాసనములందు నిత్యపూజకును నైవేద్యమునకును తోడు ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణమునకని, అనగా విరిగినవానిని, పగిలినవానిని సరిచేయుటకని, ధన మేర్పరచుచుండిరి. కట్టుటతో బాటు నిలుపుటయు ధర్మమేయని మన పూర్వు లెంచిరి. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుల పేర వెలసిన పంచవృత్తులవారము మనము. ఈ ధర్మము నితరులు మరచినను మనము మరువదగదు.

ఇక నేటి చట్టములను జూతము. మన దేశమున బురాతన కట్టడముల రక్షణ మూడంతస్తులుగా నున్నది. మొదటిది కేంద్రప్రభుత్వపు రక్షణ. 1904వ సంవత్సరపు శాసనముతో నారంభమై, 1958లో నిప్పటి శాసనముగా రూపొందెను. దీనిని బట్టి నూరేండ్లకు దక్కువగాని వయస్సుగల కట్టడములే ప్రాచీనస్మారకములు. చార్మినారు, గోలకొండ కోట యీ తరగతిలోనివి. 2010లో జేసిన సవరణచే నట్టి స్మారకమునకు నూరు మీటర్లలోపల గ్రొత్తకట్టడములు నిషిద్ధములు. ఆపైన నిన్నూరు మీటర్లవరకు ననుమతి లేనిదే కట్టరాదు. రెండవది రాష్ట్రప్రభుత్వపు రక్షణ. 1960లో నాంధ్రప్రదేశమున వచ్చిన శాసన మీ జాతిలోనిది. తెలంగాణమున 2017లో వారసత్వరక్షణకై ప్రత్యేకశాసనము చేయబడెను.

ఈ రెంటికిని జిక్కని గృహములు వేలకొలది గలవు. అవి రాజప్రాసాదములు గావు, దేవాలయములు గావు. వీధి కందము నిచ్చు మేడలు, బజారులు, పాఠశాలలు, సత్రములు, మెట్లబావులు. ఒక్కొక్కటిగా జూచిన నల్పములే. అన్నియు బోయిననాడు మాత్ర మూరు ఊరుగా నుండదు. వీనిని గాపాడుటకే మూడవదియైన స్థానికనియమ మవసరమైనది. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణము భూవినియోగమును, గృహనిర్మాణమును నియమించుటయు, నగరముయొక్క సాంస్కృతిక సౌందర్యవిషయములను బెంపొందించుటయు బురపాలకసంఘముల కప్పగింపదగిన పనులలో జేర్చెను. ఇల్లు కట్టుకొనుట కనుమతి నిచ్చు నధికారియే పడగొట్టుట కనుమతిని నిరాకరింపగలడు. కావున స్థానికనియమమే యన్నిటికంటె గృహస్థునకు దగ్గరి చట్టము.

1995లో బొంబాయి నగరమున నిట్టి నియమములు మొట్టమొదట వెలువడెను. ఆ సంవత్సరముననే డిసెంబరు మాసమున హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థవారి 1981వ సంవత్సరపు నిబంధనలలో 13వ నిబంధన చేర్చబడెను. దాని ననుసరించి 1998లో 137 కట్టడముల పట్టిక ప్రకటింపబడెను. కట్టడములేగాక, ప్రకృతిసిద్ధములైన కొన్ని శిలాప్రాంతములకు గూడ నా నిబంధనక్రింద రక్షణ కల్పించుట మన నగరమునకు విశేషము.

ఈ పద్ధతి యెట్లు నడచునో చెప్పెదను. చరిత్రజ్ఞులు, వాస్తుశిల్పులు, ఇంజనీర్లు మొదలగువారితో నొక సంరక్షణసంఘ మేర్పడును. ఏ గృహము చరిత్రచేతనో, శిల్పముచేతనో, ఆ వీధికి దెచ్చిన శోభచేతనో గణింపదగినదో వారు విచారింతురు. పట్టికను బ్రకటించి, ప్రజల యాక్షేపణలను విని, పిమ్మట స్థిరపరతురు. పట్టికలోని గృహమును బడగొట్టుటకేగాక, మార్చుటకును, మరమ్మతు చేయుటకును, కడకు రంగు వేయుటకును ముందుగా వ్రాతమూలకమైన యనుమతి కావలయునని హైదరాబాదు నిబంధన విధించెను.

బొంబాయి నియమములందు గృహములను మూడు శ్రేణులుగా విభజించిరి. మొదటిశ్రేణి గృహములను లోపలగాని వెలుపలగాని తాకరాదు. బలపరచుటకు దప్పనిసరియైనంతవరకే పని జరుగవలయును. రెండవశ్రేణివాని యాకృతిని వెలుపల నట్లే యుంచి, లోపల గాలానుగుణముగా మార్చుకొని వాడుకొనవచ్చును. మూడవశ్రేణివి వీధిసౌందర్యమునకు ముఖ్యములు. వానియందు మార్పులకు విశేషావకాశము గలదు.

ఇందు మీరు గమనింపవలసిన దొకటి యున్నది. పట్టికలో జేరినంతమాత్రమున నిల్లు ప్రభుత్వపరము గాదు. యజమాని యజమానియే. అమ్ముకొనవచ్చును, అద్దె కీయవచ్చును, నివసింపవచ్చును. పడగొట్టుట, రూపుమాపుట మాత్రము తన యిచ్చకు రాదు.

ఇట్టి నియమములవలన గృహస్థునకు గష్టము లేదని నేను జెప్పను. కొత్తయంతస్తు వేసికొను లాభము పోవును. చిన్నమరమ్మతునకును గచ్చేరీచుట్టు దిరుగవలసి వచ్చును. ప్రాతపని తెలిసిన మేస్త్రీ దొరకుట కష్టము, దొరకినను వ్యయ మధికము. ఊరికంతటికి నానందము, ఒక్కనికి భార మనుట న్యాయముగా దోపదు. అందుచేతనే మంచినియమములు ప్రతిఫలమునుగూడ జూపును. గృహమును జెడనీయక పోషించు యజమాని దానిని గార్యాలయముగానో మరియొక యుపయోగమునకో మార్చుకొనుట కనుమతింపబడును. కట్టుకొనలేకపోయిన విస్తీర్ణమునకు బదులుగా నభివృద్ధిహక్కు పత్రము నిచ్చి, దానిని వేరొకచోట వినియోగించుకొనుటకో, విక్రయించుటకో వీలు కల్పించుపద్ధతియు గలదు. ఈ ప్రతిఫలము కాగితముమీద నిలిచిపోయినచోట యజమానులు విసిగి, పట్టిక రాకమునుపే రాత్రికి రాత్రి పడగొట్టించుటయు లోకమున గలదు. దండనమొక్కటే నియమమును నిలుపజాలదు.

నియమము స్థిరమైనదా యనిన నదియు గాదు. 2015 డిసెంబరులో హైదరాబాదునందలి 13వ నిబంధన రద్దు చేయబడెను. ఇరువదియేండ్లు నగరమునకు రక్షగా నున్న నియమ మొక్క యుత్తరువుతో దొలగెను. రెండేండ్లకు బిదప వచ్చిన శాసనమే నే నింతకుముందు జెప్పిన 2017వ సంవత్సరపు చట్టము. 2019లో నిర్రంమంజిల్ భవనస్థలమున గ్రొత్త శాసనసభాభవనమును గట్టుటకు మంత్రివర్గము నిర్ణయించెను. సుమారు 1870లో నవాబు ఫక్రుల్ముల్కు కట్టించిన మేడ యది. వెనుకటి పట్టికలో జేరినదియు. పౌరులు న్యాయస్థానమున కెక్కిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన హైకోర్టువారు మంత్రివర్గనిర్ణయమును గొట్టివేసిరి. ఒకప్పు డెవరో కూర్చుండి, గృహము గృహము తిరిగి, పేరు వ్రాసి ప్రకటించియుండుటచేతనే, పడగొట్టనున్ననాడు వాదించుటకు బౌరులకు గాలూన తావు దొరకినది. పట్టికవలని ప్రయోజన మిది.

ఉస్మానియా వైద్యశాల సంగతియు నిట్టిదే. 2015లో దానిని బడగొట్టి క్రొత్తది కట్టవలయునను ప్రతిపాదన రాగా బ్రజలు సమ్మతింపరైరి. రోగులకు గ్రొత్తభవన మవసరమనుటలో నెవరికిని వివాదము లేదు. తుదకు 2025 జనవరిలో గోషామహలునందు నూతన వైద్యశాలకు శంకుస్థాపన జరిగెను. ప్రాతది యుండవలయునా, క్రొత్తది కావలయునా యనుప్రశ్నకు రెండును గావలయునను సమాధానముగూడ గలదని యిందు దెలియుచున్నది.

సోదరులారా, ఇక మన వృత్తికి సంబంధించిన మాట. ప్రాతగోడకు సిమెంటు పూసిన గోడ చెడును. సున్నపుగోడ తేమను బీల్చి మరల విడుచును. సిమెంటుపొర యా తేమను లోపలనే బంధించును. అప్పుడు లోని యుప్పు పొంగి, రాయియు నిటుకయు బొరలుపొరలుగా రాలును. అందుచేత జీర్ణోద్ధారణమునకు డంగుసున్నమే కావలయును. బెల్లపునీరు, కరక్కాయ కషాయము, మారేడుగుజ్జు కలిపి గానుగలో నూరిన గచ్చు పాళము పుస్తకము చదివినంతనే రాదు, చేతితో నేర్వవలయును. 2013లో నారంభమై 2024లో ముగిసిన కుతుబ్‌షాహీ సమాధుల జీర్ణోద్ధారణమున, వెనుకటివారు పూసిన సిమెంటును దొలగించి మరల సున్నముతోనే పనిచేసిరి. 1935లో గట్టబడిన మొజంజాహీ మార్కెట్టు మరమ్మతై 2020లో దిరిగి తెరువబడెను. నేడును నది యంగడియే. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను దాని వంశస్థులే స్వయముగా నుద్ధరింపగా 2022లో యునెస్కోవారి ప్రశంస లభించెను. ప్రభుత్వము పూనుకొననిదే పని జరుగదనువారికి దోమకొండయే సమాధానము.

ఇట్టి పనులకు గావలసిన రాతిపనివారు, కొయ్యపనివారు, లోహపనివా రెవరు? మన యిండ్లలోనివారే. యంత్రపుసరకులు వచ్చి మన యువకుల చేతిపని మూలబడిన యీ కాలమున, సంరక్షణనియమ మొక్కొక్కటియు వారి కన్నము పెట్టు నియమము. అట్టి మనమే మన సత్రమును బడగొట్టినచో, రేపు మన పిల్లలకు బనియిండని యేముఖముతో నడుగుదుము?

మన సత్రమునకు వయస్సు తొంబదియేండ్లు. నూరేండ్లు నిండలేదు గనుక గేంద్రశాసన మంటదు. ఏ పట్టికయందును జేరలేదు గనుక స్థానికనియమ మంటదు. చట్టము మనల నాపజాలదు. మనల మనమే యాపుకొనవలయును. ఆ గడపరాతిని గాసెవారు చెక్కిరి. ఆ టేకుతలుపు వడ్రంగులది, గొళ్లెములు కమ్మరులవి, కలశము కంచరులది. అగసాలెలు చందాల నిచ్చిరి. ఐదువృత్తులవారి చేయియు నొక్కచోట గనబడు కట్టడము మనకు మరియొకటి లేదు. ముందరిగోడలోని రాతిపలకమీద మూడురూపాయలిచ్చిన దాతపేరుగూడ గలదు. నేడు మనము దాతల నర్థించుచున్నాము. వెనుకటి దాతల పేళ్లను మట్టిలో గలిపినవారికి ముందటి దాత లేమినమ్మి యిత్తురు?

పేదవిద్యార్థిని విడిచిపెట్టుమని నేను జెప్పుటలేదు. తీర్మానమునకు నాలుగు సవరణలను సభవారి యెదుట నుంచుచున్నాను. మొదటిది, సున్నపుపని తెలిసిన యింజనీరుచే సత్రమును బరీక్షింపజేసి, పడగొట్టనవసర మున్నదో లేదో వ్రాతమూలకముగా దెలిసికొనవలయును. రెండవది, కొలతలు, ఛాయాచిత్రములు, దస్తావేజులు, శిలాఫలకములందలి వ్రాత లన్నియు నొక గ్రంథముగా గూర్చవలయును. మూడవది, వారసత్వపట్టికలో జేర్చుమని సంఘమే స్వయముగా బ్రభుత్వమున కర్జీ పెట్టుకొనవలయును. నాలుగవది, వీధివైపు భాగము నట్లే యుంచి, లోపలిగదులను విద్యార్థివసతిగాను, వృత్తిశిక్షణశాలగాను మార్చి, వెనుకనున్న ఖాళీస్థలమున ననుమతి లభించినంతమేరకు నంగళ్లను గట్టవలయును. అద్దె కొంత తగ్గును, నిజమే. ఆ తగ్గినదానిని బూరించుటకు నా యుపకారవేతనమునుండి నెలకొక భాగము నిచ్చుటకు సిద్ధముగా నున్నాను, పోషకులును దోడ్పడుదురుగాక.

రాజ్యాంగమున బౌరుల ధర్మములను జెప్పు 51ఏ యధికరణమున మన సంస్కృతియొక్క వారసత్వమును గౌరవించి కాపాడుటయు నొకటిగా జెప్పబడినది. అది ప్రభుత్వపు పనిగానేగాక ప్రతిపౌరుని పనిగా జెప్పబడినదని మీరు గుర్తింపవలయును. అంగడి నెప్పుడైనను గట్టవచ్చును. పడిపోయిన సత్రమును విశ్వకర్మయే దిగివచ్చినను మరల బ్రాతది చేయజాలడు.

రేపు చేయి యెత్తుటకుముందు సభ్యులందరు నొక్కసారి సత్రమునకు బోయి, యా రాతిపలకను జదివి రావలసినదిగా బ్రార్థించుచున్నాను.

సర్వేజనాః సుఖినో భవంతు.