జలాంతర్గామిలో డిక్టేషను



నేతాజీ జయంతి నాడు అందరూ నేతాజీని గురించి చెబుతారు. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరి చేసినవాణ్ణి గనుక, ఆయన పక్కన కూర్చుని డిక్టేషను తీసుకున్న మనిషిని గురించి నేను చెబుతాను. ఆయన హైదరాబాదు వాస్తవ్యులు ఆబిద్ హసన్.

1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుండి యూ-180 జలాంతర్గామి బయలుదేరింది. కెప్టెన్ వెర్నర్ ముసెన్‌బర్గ్, హిట్లరు నౌకాదళం మనిషి. మనవాళ్ళు ఇద్దరే. లోపలంతా డీజిలు వాసన, ఇరుకు. నావికుల తిండి నేతాజీకి సహించలేదు. సామాన్లలో బియ్యం, పప్పు కనబడితే హసన్ కిచిడీ వండారు. నేతాజీ దాన్ని జర్మన్ అధికారులకూ పంచారు.

ఏప్రిల్ 18న ముసెన్‌బర్గ్ కార్బిస్ అనే బ్రిటిష్ చమురు నౌకను ముంచారు. దారిలో ఒకసారి ప్రాణాపాయం వచ్చి హసన్ కలం ఆగిపోయిందట. "రెండుసార్లు చెప్పాను, నువ్వు రాసుకోలేదు" అన్న అర్థంలో నేతాజీ మందలించారని హసనే తరువాత చెప్పారు.

ఏప్రిల్ 28న మడగాస్కర్ సమీపంలో, పోటెత్తిన సముద్రంలో, ఇద్దరూ రబ్బరు తెప్ప మీద తడిసి ముద్దయి జపాను జలాంతర్గామి ఐ-29 చేరారు. 1944 ఆగస్టులో, వేరే కెప్టెన్ చేతిలో ఉండగా, యూ-180 బిస్కే అఖాతంలో 56 మందితో మునిగిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక హసన్ మనలాగే సర్కారు కొలువు చేశారు. విదేశాంగ శాఖలో డెన్మార్క్ రాయబారి దాకా ఎదిగి, 1984లో కన్నుమూశారు. 'జై హింద్' నినాదం ఆయన ఇచ్చినదేనంటారు.

నౌకల కెప్టెన్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. కాగితం రాసినవాడి పేరు ఫైలు అడుగున పడిపోతుంది. అది మనకు తెలిసిన సంగతే. బడిలో జై హింద్ అనే మీ మనవలకు ఈ పేరు ఒక్కసారి చెప్పండి.

జై హింద్.