రాయి నలిగే చోట మనిషి నలగొద్దు

(మేడిపల్లిలో జరిగిన మహిళల సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగం ఇది. ఈమె చాలా ఏళ్ళు మిషన్ల బొమ్మలు గీసే పని చేసింది.)

 

"కంకర మిషన్ల గురించి చెప్పు" అని నన్ను పిలిచారు. మిషన్ల సంగతి మనకెందుకు అనుకుంటున్నారా? ముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఇసుర్రాయి తిప్పనివాళ్ళు ఎవరు? రోట్లో దంచనివాళ్ళు ఎవరు? చేతులెత్తండి.

చూశారా! ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అంటే రాయి పగలగొట్టే మిషన్ సంగతి మీకు సగం తెలుసు. మిగతా సగం నేను చెబుతాను.

మా అమ్మ సుత్తె

మా అమ్మ రోడ్డు పక్కన కూర్చుని కంకర కొట్టేది. పాత టైరు నుంచి కోసిన చుట్టను రాయి చుట్టూ పెట్టేది. రాయి ఎగరకుండా ఉండాలని. సుత్తెతో కొట్టేది. పొద్దంతా కొడితే ఒక చిన్న కుప్ప అయ్యేది. కుప్ప లెక్కనే కూలి. సాయంత్రం ఆమె అరచేతులు చూస్తే నాకు ఏడుపు వచ్చేది.

మా అమ్మ నన్ను చదివించింది. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో చేరాను. డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకున్నాను. మిషన్ తయారు చేసే ముందు దాని బొమ్మ కాగితం మీద గీస్తారు. ఏ ముక్క ఎంత పొడవు, ఎంత మందం, అన్నీ లెక్క ప్రకారం గీస్తారు. అదే నా పని. నాచారం వైపు ఒక వర్క్‌షాపులో చేరాను. అక్కడ నాకు మొదట ఇచ్చిన బొమ్మ ఏమిటో తెలుసా? కంకర మిషన్! మా అమ్మ సుత్తెకు బదులు వచ్చిన మిషన్.

మన రాయి ఎంత గట్టిది?

మన హైదరాబాదు చుట్టూ ఉన్నది గ్రానైటు రాయి. చాలా పాత రాయి. దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపలి సంగతులు పరిశోధించే పెద్ద సంస్థ ఒకటి మన ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. దాన్ని 1961లో పెట్టారు. ఎన్.జి.ఆర్.ఐ. అంటారు. ఆ పేరుతో ఉన్న బస్టాపు మీరు చూసే ఉంటారు.

గ్రానైటు ముక్క చేతిలోకి తీసుకుని చూడండి. అందులో తెల్లగా, గాజు ముక్కల్లా మెరిసే పలుకులు కనిపిస్తాయి. అది పలుగురాయి. చాకుతో దాన్ని గీస్తే గీత పడదు. అదే చాకును గీస్తుంది. అంత గట్టిది. ఈ పలుగురాయిని గుర్తు పెట్టుకోండి. దీని సంగతి చివర మళ్ళీ వస్తుంది.

అడకత్తెర లాంటి మిషన్

1850ల నాటి మాట. అమెరికాలో ఎలీ విట్నీ బ్లేక్ అనే ఆయన ఉండేవాడు. వాళ్ళ ఊళ్ళో రోడ్డు వేసే పని ఆయనకు అప్పజెప్పారు. అక్కడ కూడా మనుషులే సుత్తెలతో కంకర కొట్టేవాళ్ళు. రోజులు గడిచినా కుప్ప పెరగదు. ఆయన ఆలోచించి, ఆలోచించి ఒక మిషన్ తయారు చేశాడు. 1858లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ కంకర మిషన్లలో ఆ పద్ధతి నడుస్తోంది.

ఆ మిషన్ ఎట్లా ఉంటుంది? పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర తెలుసు కదా! అట్లాగే ఉంటుంది. రెండు ఇనుప దవడలు ఉంటాయి. ఒకటి కదలదు. ఇంకొకటి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పైన వెడల్పు, కింద ఇరుకు. పైనుంచి బండరాయి వేస్తారు. దవడ ముందుకు వస్తే రాయి పగులుతుంది. వెనక్కు పోతే ముక్కలు కాస్త కిందికి జారుతాయి. మళ్ళీ నొక్కుతుంది. మళ్ళీ జారుతాయి. చివరకు కింది సందులోంచి కంకర పడుతుంది.

ఇక్కడ బొమ్మ గీసేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. అడకత్తెరను బాగా తెరిచి పోకచెక్క పెడితే ఏమవుతుంది? అది నలగదు. ఎగిరి దూరం పడుతుంది. మిషన్‌లో కూడా అంతే. రెండు దవడల మధ్య కోణం ఎక్కువైతే రాయి పైకి జారి ఎగురుతుంది. మనిషికి తగులుతుంది. అందుకే కోణం చిన్నగా పెడతారు. ఒక రొట్టెను 16 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మొన ఎట్లా ఉంటుందో, సుమారు అంత కోణం.

దవడలను మామూలు ఇనుముతో చేస్తే కొద్ది రోజుల్లో అరిగిపోతాయి. మాంగనీసు కలిపిన ఉక్కుతో చేస్తారు. దీన్ని ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టాడు. దెబ్బ తగిలిన కొద్దీ దీని పైపొర ఇంకా గట్టిపడుతుంది. కష్టం పడ్డ కొద్దీ గట్టిపడ్డ మన ఆడవాళ్ళ లాగా!

మిషన్ పక్కన బరువైన పెద్ద చక్రం తిరుగుతూ ఉంటుంది. ఎందుకు? ఇసుర్రాయి మొదట తిప్పడానికి బరువు. ఒకసారి ఊపు అందుకుంటే తేలిగ్గా తిరుగుతుంది కదా! ఈ చక్రం కూడా అట్లాగే ఊపును దాచిపెడుతుంది. దవడ నొక్కేటప్పుడు ఆ ఊపును ఇస్తుంది.

ఒక్కసారే పిండి కాదు

బండరాయిని ఒక్క దెబ్బకు సన్న కంకర చెయ్యలేము. కందులను ముందు ఇసిరి పప్పు చేస్తాం. పిండి కావాలంటే మళ్ళీ ఇసురుతాం. మధ్యలో చేటతో చెరుగుతాం, జల్లెడ పడతాం. కంకర మిషన్ దగ్గర కూడా ఇదే పద్ధతి. మొదటి మిషన్ పెద్ద ముక్కలు చేస్తుంది. రెండోది చిన్నవి చేస్తుంది. ఆ తర్వాత ఊగే జల్లెడలు ఉంటాయి. 40 ఎం.ఎం. కంకర ఒక చోట, 20 ఎం.ఎం. ఒక చోట, సన్న పొడి ఒక చోట పడతాయి. జల్లెడలో మిగిలిన పెద్ద ముక్కలు మళ్ళీ మిషన్‌లోకి పోతాయి.

సన్నగా చేసిన కొద్దీ కరెంటు ఎక్కువ కాలుతుంది. ఎందుకో చూద్దాం. నలుచదరపు బెల్లం ముక్క ఒకటి తీసుకోండి. దాన్ని సమానంగా 8 ముక్కలు చేయండి. బెల్లం పెరగలేదు. కానీ చీమలు పట్టే చోటు రెండింతలైంది. రాయి పగిలినప్పుడల్లా అట్లాగే కొత్త ముఖాలు పుడతాయి. ఒక్కో కొత్త ముఖానికీ బలం కావాలి. అందుకే గిర్నిలో కూడా రవ్వ పట్టడం కన్నా మెత్తని పిండి పట్టడానికి ఎక్కువ సేపు పడుతుంది.

రోకళ్ళు, రోళ్ళు, గుండ్లు

కోలారు బంగారు గనుల పేరు విన్నారా? అక్కడ మన తెలుగువాళ్ళు కూడా చాలామంది పనిచేశారు. అక్కడ బంగారు రాయిని దంచడానికి బరువైన ఇనుప రోకళ్ళు వరసగా నిలబెట్టేవాళ్ళు. మిషన్ వాటిని ఎత్తి వదిలేది. అచ్చం మనం వడ్లు దంచినట్టే. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

ఇంకో రకం మిషన్‌లో రోలు లాంటి గిన్నె లోపల ఇనుప శంకువు ఊగుతూ తిరుగుతుంది. రుబ్బురోలు తిప్పినట్టు ఉంటుంది. రాయి మధ్యలో పడి నలుగుతుంది.

రాయిని పిండి చెయ్యాలంటే గుండ్ల మిల్లు వాడతారు. పెద్ద డ్రమ్ము. అందులో ఇనుప గుండ్లు. రాతి పొడి వేసి డ్రమ్ము తిప్పుతారు. గుండ్లు పైకి పోయి కింద పడతాయి. పొడి మెత్తనవుతుంది. నిదానంగా తిప్పితే గుండ్లు పైకి పోవు, కిందనే దొర్లుతాయి. మరీ వేగంగా తిప్పితే డ్రమ్ము గోడకు అతుక్కుని దానితోనే తిరుగుతాయి. రెండూ పనికిరావు. గుండ్లు అతుక్కునే వేగంలో సుమారు మూడు వంతుల వేగం పెడతారు. నాలుగో వంతు తగ్గిస్తారు. ఎక్కువ వేగం అంటే ఎక్కువ పని కాదు. ఇది లెక్క కట్టి గీసేవాళ్ళ పని.

విరగడం కోసమే పెట్టిన ముక్క

ఇప్పుడు నన్ను ఆలోచింపజేసిన సంగతి చెబుతాను.

అడకత్తెర మిషన్‌లో ఊగే దవడ వెనక ఒక ఇనుప పలక ఉంటుంది. దాన్ని కావాలనే కాస్త బలహీనంగా చేస్తారు. ఎందుకు? ఒక్కోసారి రాళ్ళతో పాటు గునపం ముక్కో, సమ్మెటో మిషన్‌లో పడుతుంది. ఇనుము నలగదు. అప్పుడు ఏదో ఒకటి విరగాలి. దవడ విరిగితే లక్షల ఖర్చు. అందుకని ముందుగా ఈ పలక విరుగుతుంది. మిషన్ ఆగుతుంది. పలక మార్చి మళ్ళీ నడుపుతారు. ఇంట్లో ఫ్యూజు పోయినట్టు.

ఆ పలక మందం లెక్క కట్టడానికి నేను రెండు రోజులు కూర్చున్నాను. మిషన్ బతకాలని అంత జాగ్రత్త!

నేను గీయని మూత

మా పెద్దనాయన కంకర మిషన్ దగ్గర పని చేసేవాడు. పొద్దంతా తెల్లని దుమ్ములో ఉండేవాడు. ఇంటికి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. కొన్నేళ్ళకు దగ్గు మొదలైంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. టి.బి. అన్నారు. మందులు వాడాడు. దగ్గు తగ్గలేదు. "నువ్వు ఏం పని చేస్తావు?" అని చివరకు ఒక డాక్టరు అడిగాడు. ఎక్సరే మళ్ళీ చూశాడు. "ఇది రాతి దుమ్ము జబ్బు" అన్నాడు. దీన్నే సిలికోసిస్ అంటారు. అప్పటికే ఆలస్యమైంది. రెండేళ్ళకు మా పెద్దనాయన పోయాడు.

పలుగురాయిని గుర్తు పెట్టుకోమన్నాను కదా! రాయి నలిగినప్పుడు పలుగు పొడి గాలిలో లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగుతుంది. కంటికి కనిపించనిదే ప్రమాదం. అది తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. అక్కడ కరగదు. దాని చుట్టూ పుండు మానినట్టు మచ్చలు పడతాయి. ఊపిరితిత్తి గట్టిపడుతుంది. పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు టి.బి. కూడా తొందరగా సోకుతుంది.

పెద్దనాయన దినాలు అయ్యాక నేను పనికి పోయాను. నా బల్ల మీద కొత్త మిషన్ బొమ్మ ఉంది. అందులో దుమ్ము లేవకుండా ఆపే మూత గీశాను. నీళ్ళు చల్లే గొట్టం గీశాను. కొనేవాళ్ళు "ఖర్చు ఎక్కువ, తీసేయండి" అన్నారు. మా పై ఆయన "తీసెయ్యి" అన్నాడు. నేను రబ్బరు తీసుకుని తుడిచేశాను.

అక్కలారా, దాచకుండా చెబుతున్నాను. అప్పుడు నేను మాట్లాడలేదు. మాట్లాడితే పని పోతుందని భయపడ్డాను. మిషన్‌కు విరిగే పలక గీశాను. మనిషికి మూత గీయలేదు. ఆ తప్పు నాకు ఈనాటికీ గుర్తుంది. అందుకే ఇక్కడికి వచ్చి చెబుతున్నాను.

మనం ఏం చూడాలి? ఏం అడగాలి?

ఒకటి. రాయి నలిగే చోట, జల్లెడల మీద మూత ఉండాలి. రాళ్ళు మోసే బెల్టు మీద కూడా మూత ఉండాలి. నీళ్ళు చల్లాలి. తడిసిన దుమ్ము లేవదు. వాకిట్లో కళ్ళాపి చల్లి ఊడ్చే మనకు ఇది ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

రెండు. గాలి వచ్చే వైపు అడ్డుగోడ ఉండాలి. లారీలు తిరిగే దారిని తడపాలి. చుట్టూ చెట్లు పెంచాలి. ఇవన్నీ మన దేశంలో కంకర మిషన్లకు పెట్టిన నిబంధనల్లో ఉన్నాయి. ఇవి లేకపోతే కాలుష్య నియంత్రణ మండలికి కాగితం రాయవచ్చు. 1992 మే నెలలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తెలుసా? ఢిల్లీలో కంకర మిషన్లు ఆపాలని, వాటిని వేరే చోటికి తరలించాలని తీర్పు ఇచ్చింది. ఊపిరి పీల్చే హక్కు ముందు, కంకర తర్వాత.

మూడు. కొంగు ముక్కుకు చుట్టుకుంటే చాలదు. సన్న దుమ్ము బట్టలోంచి పోతుంది. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్-95 లాంటి మాస్కు కావాలి. మూత, నీళ్ళు ముందు. మాస్కు ఆ తర్వాత.

నాలుగు. తిరిగే బెల్టుకు, చక్రానికి జాలీ ఉండాలి. చీర కొంగు, జడ అందులో పడితే ప్రాణమే పోతుంది. జాలీ లేని మిషన్ దగ్గరికి పోవద్దు. కొంగు దోపుకుని, జడ ముడి వేసుకుని పని చెయ్యండి. గిర్ని దగ్గర కూడా అంతే.

ఐదు. దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుతో "నేను రాతి దుమ్ములో ఇన్నేళ్ళు పని చేశాను" అని చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. టి.బి. మందులు ఇస్తే మధ్యలో మానొద్దు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్ళకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ పేరు ఉండేది. పని వల్ల వచ్చే జబ్బుగా ప్రభుత్వానికి తెలపాలని అందులో రాశారు. 2020లో చేసిన కొత్త కార్మిక చట్టంలోనూ ఆ పేరు ఉంది. పని వల్ల వచ్చిన జబ్బుకు నష్టపరిహారం అడగవచ్చు. అది దయ కాదు, హక్కు.

ఆరు. హాజరు చీటీ, కూలి చీటీ దాచుకోండి. ఎక్కడ, ఎన్నేళ్ళు పని చేశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మా పెద్దనాయనకు చదువు రాదు. ఒక్క చీటీ కూడా దాచలేదు. ఆయన అక్కడ పని చేశాడని మేము రుజువు చెయ్యలేకపోయాం. మీకు ఇప్పుడు అక్షరాలు వచ్చు. మీ చెయ్యి రాసిన తేదీకి విలువ ఉంది.

మన ఇళ్ళకు కంకర కావాలి. రోడ్లకు కంకర కావాలి. మిషన్ ఉండాలి. మా అమ్మ సుత్తె మళ్ళీ ఎవరి చేతికీ రావొద్దు. కానీ మిషన్‌కు ఉన్నపాటి జాగ్రత్త మనిషికి కూడా ఉండాలి. రాయి నలిగే చోట మనిషి నలగొద్దు.

 

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో, మీ వాడలో రాతి దుమ్ములో పని చేసేవాళ్ళు ఎవరు ఉన్నారు?

2. మిషన్‌లో విరిగే పలక ఎందుకు పెడతారు?

3. మీరు ఎక్కడెక్కడ పని చేశారు? ఊరు, ఏడాది, పని మీ నోటుబుక్కులో రాయండి.